మెట్ల మూల పరిశోధన

ఆ సోమవారం పొద్దున భాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు నుంచి పది దాకా వసారాలో కుర్చీ వేసుకుని, పేపరు చదువుతున్నట్టు పట్టుకుని, పేపరు చాటున నోటుపుస్తకం పెట్టుకుని, మేనమామ వెంకట్రాజం ఎన్నిసార్లు ఉమ్ముతాడో గీతలు గీయాలి. అంతే. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదని అతను నిజంగానే నమ్మాడు.

అది 1982. భాస్కర్ హనుమకొండలో ఎం.ఎడ్. చదువుతూ, వరంగల్ మట్టెవాడలో మామ ఇంట్లో ఉంటున్నాడు. ఒక మనిషిని, ఆ మనిషి అలవాటు ఒకదాన్ని తీసుకుని, దాన్ని మార్చి చూపించి రికార్డు రాయాలి. లెక్క మొదలుపెట్టిన మూడో వారం శనివారానికల్లా దానిమీద గైడు లక్ష్మీనారాయణ సారు సంతకం పడాలి. పడకపోతే ఒక ఏడాది గంగలో కలిసినట్టే. జనగామలో వస్తుందనుకుంటున్న ఉద్యోగమూ దాని వెంటే పోతుంది.

"కోపం తగ్గించాను, బద్ధకం వదిలించాను అని రాసుకొస్తే సంతకం పెట్టను. కోపాన్ని లెక్కపెట్టలేవు. కంటికి కనపడేది, వేళ్ల మీద లెక్కపెట్టగలిగేది తీసుకో" అని సారు ముందే చెప్పాడు.

వేళ్ల మీద లెక్కపెట్టగలిగేది ఇంట్లోనే ఉంది. వెంకట్రాజానికి చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం. దుకాణం తెరిచేది పదింటికి. అప్పటిదాకా జర్దా పాన్ నములుతూ ఇల్లంతా తిరుగుతాడు, తిరిగి తిరిగి మెట్ల మూల దగ్గర ఆగి గోడ మీద ఉమ్ముతాడు. దసరాకు వేసిన సున్నం దీపావళికల్లా ఎర్రబడుతుంది. ఆయన భార్య శకుంతల ముప్పై ఏళ్లుగా ఆ గోడ కోసం పోరాడుతూనే ఉంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి ఉగాల్దాన్‌ను, ఉమ్మేదేదో అందులో ఉమ్మమని, ఆ మూలలోనే పెట్టింది కూడా. అందులో ఇంతవరకూ బల్లులు తప్ప ఏవీ పడలేదు.

ముందు నిర్వచనం రాయాలి కాబట్టి భాస్కర్ రాశాడు: "ఉమ్ము అనగా నోటి నుండి వెలువడి గోడను తాకిన ఎర్రని ద్రవము." గోడను తాకకుండా మెట్టు మీద పడితే ఏం చేయాలన్నది ఒక పూట ఆలోచించి, అర గీత గీయాలని తేల్చుకున్నాడు.

మొదటి వారం ఏ మార్పూ చేయకూడదు. ఉన్న అలవాటు ఉన్నట్టుగా లెక్కపెట్టాలి. ఆ లెక్కకు ఆధార రేఖ అని పేరు. పైగా ఒక్కడే లెక్కపెడితే నమ్మరు, తనకు సంబంధం లేకుండా ఇంకొకరు కూడా లెక్కపెట్టాలి. దుకాణం తాళాల కోసం రోజూ ఏడింటికే వచ్చి అరుగు మీద కూర్చునే గుమస్తా సారయ్య అందుకు సరిపోతాడనిపించింది.

"సారన్నా, మామ ఎన్నిసార్లు ఉమ్ముతాండో గీతలు గియ్యాలె. ఎవరికి చెప్పద్దు. ఎందుకని నన్ను అడగద్దు" అని ఒక పెన్సిలు ఇచ్చాడు.

మొదటి రోజు భాస్కర్‌కు పద్నాలుగు, సారయ్యకు పంతొమ్మిది వచ్చాయి.

"అయిదు ఎక్కువెట్ల వచ్చినయన్నా?"

"నావి గూడ కలిపిన" అన్నాడు సారయ్య.

రెండో రోజు నుంచి ఇద్దరి లెక్కలూ కలిశాయి. వారం గడిచేసరికి ఆధార రేఖ పద్నాలుగు దగ్గర నిలకడగా నిలిచింది. భాస్కర్ మురిసిపోయాడు. సారయ్య మాత్రం నిద్ర మానేశాడు. ఎందుకని అడగొద్దన్న మాట అతని కడుపులో చేరి ఊరుకోవడం లేదు. చివరికి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి శకుంతలతో చెప్పేశాడు.

"అమ్మా, సేటుకు పానం మంచిగ లేదనుకుంట. చిన్నసారు రోజు ఎర్రగ పడ్డది లెక్క వెడుతాండు."

"పాన్ ఎర్రగనే ఉంటది గదా సారయ్యా."

"నలభై ఏండ్ల సంది ఎర్రగనే ఉన్నది గదమ్మా. గిప్పుడెందుకు లెక్కవెడుతాండు? దవాఖానోళ్లు అడగంది సదువుకున్న పిలగాడు గంత పని వెట్టుకుంటడా?"

పాన్ ఎరుపులో నెత్తురు కలిసినా కనపడదన్న ఆలోచన శకుంతలకు అప్పుడే వచ్చింది. భాస్కర్‌నే అడిగితే పోయేది. కానీ అలాంటి సంగతులు అడిగితే నిజమైపోతాయని ఆమె భయం. నర్సంపేటలో ఉన్న పెద్ద ఆడబిడ్డ మొగిలమ్మకు మాత్రం కార్డు రాసి, కళ్లు తుడుచుకుంది.

ఇదేమీ తెలియని భాస్కర్ రెండో వారం మొదలుపెట్టాడు. మంచి పని జరిగిన మరుక్షణమే ఆ మనిషికి ఇష్టమైనది అందాలి. దాన్నే పుస్తకంలో పునర్బలనం అన్నారు. వెంకట్రాజానికి ఇష్టమైనవి రెండు. ఒకటి కోవా. రెండోది మరిపెడ పెళ్లి కథ. ఒకప్పుడు మరిపెడలో ఎవరిదో పెళ్లికి, వాన పడుతుంటే, ఎడ్లబండి మీద మూడు వందల గ్లాసులు ఆయన ఎలా చేరవేశాడన్నది ఆ కథ. ఏడేళ్లుగా దాన్ని వినే నాథుడు లేడు.

సోమవారం, పాన్ ఉమ్మబోతూ వెంకట్రాజం ఎందుకో పక్కకు తిరిగాడు. ఉమ్ము పోయి ఉగాల్దాన్‌లో పడింది. భాస్కర్ ఒక్క ఉదుటున లేచి కోవా బిళ్ల చేతిలో పెట్టాడు.

"మామా, ఆ మరిపెడ పెండ్లి సంగతి జర మళ్ల చెప్పరాదు?"

వెంకట్రాజం అతన్ని కిందికీ మీదికీ చూశాడు. చెప్పాడు. భాస్కర్ చెక్కిలి కింద చెయ్యి పెట్టుకుని "తర్వాత ఏమైంది మామా" అంటూ విన్నాడు. సోమవారం గోడ మీద పది, మంగళవారం తొమ్మిది, బుధవారం అయిదు. గ్రాఫు కాగితం మీద గీత మెట్లు దిగినట్టు దిగుతోంది.

ఆ బుధవారమే వెంకట్రాజం భార్యను అడిగాడు: "పోరడు నాతోని ఎందుకింత మంచిగుంటాండు?"

శకుంతల అడగకుండానే ఆయన అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది. ఆయనకు అనుమానం అక్కడ మొదలైంది.

గురువారం మొదటి బస్సుకే మొగిలమ్మ దిగింది. చేతిలో సంచీ, సంచీలో డజను బత్తాయిలు, వాటి మీద ఒక బ్రెడ్డు ప్యాకెట్టు. ఆ రోజుల్లో మంచాన పడిన వాళ్ల ఇంటికి తప్ప బ్రెడ్డు ప్యాకెట్టు ఎవరూ పట్టుకుపోయేవారు కాదు. దాన్ని చూడగానే వెంకట్రాజం ముఖంలో రంగు మారింది.

"అక్కా, ఈ బ్రెడ్డు ఎవరికి?"

"ఉత్తగనే తెచ్చిన తమ్మీ. తిను. బలం వస్తది" అని మొగిలమ్మ తమ్ముడి నెత్తి నిమిరి, గోడవైపు తిరిగి ముక్కు చీదింది.

ఆ రోజు ఆయన్ని దుకాణానికి పోనివ్వలేదు; మధ్యాహ్నానికి సారయ్య నోట విని బజారు వాళ్లు వచ్చారు. సాయంత్రానికి ఇంట్లో ఆరు బ్రెడ్డు ప్యాకెట్లు, అరగంప బత్తాయిలు, ఒక హార్లిక్స్ సీసా చేరాయి. రోగం పేరు ఎవరూ ఎత్తలేదు. రోగి ముందు ఎత్తకపోవడమే మర్యాద. వెంకట్రాజం ఉమ్మడానికి లేస్తే మాత్రం ఇంటినిండా మాటలు ఆగిపోయేవి, అందరూ మెడలు చాచి రంగు చూసేవాళ్లు. రెండుసార్లు అలా చూసేసరికి ఆయన కూడా వంగి రంగు చూసుకున్నాడు. మూడోసారి పాన్ నోట్లో పెట్టుకోలేదు.

శుక్రవారం గోడ మీద సున్నా. శనివారం సున్నా. చుట్టాలు తన పరీక్షలకు దీవెనలివ్వడానికి వచ్చారేమో అన్నంత ఆనందంలో ఉన్న భాస్కర్, పునర్బలనం మహిమకు తానే ఆశ్చర్యపోయాడు. పుస్తకం నుంచి తలెత్తి ఒక్కసారి బత్తాయిల గంప వైపు చూసి ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున మామ అతన్ని దేవుడి గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. చేతిలో భాస్కర్ నోటుపుస్తకం ఉంది.

"దిండు కింద దొరికింది. మొత్తం సూసిన. పద్నాలుగున్నది. పది అయింది. తొమ్మిది, అయిదు. గిప్పుడు రెండు దినాల సంది సున్నా. ఇంకేం మిగిలినట్టురా అల్లుడా? ఏమనుకోను, ఉన్నదున్నట్టు చెప్పు. దుకాణం తాళాలు ఎవలకియ్యాలె?"

భాస్కర్‌కు ముందు నవ్వొచ్చింది. మామ నిజంగానే తాళాల గుత్తి విప్పుతుండడం చూశాక ఆ నవ్వు పోయి, సిగ్గు ముంచుకొచ్చింది. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఆధార రేఖ నుంచి కోవా దాకా అంతా చెప్పేశాడు. వెంకట్రాజం నోటుపుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయితే నేను సస్తలేనా?"

"లేదు మామా."

"మరిపెడ సంగతి గూడ అందుకేనా విన్నది?"

దానికి భాస్కర్ తల దించుకున్నాడు. చావు తప్పిందన్న సంతోషం కన్నా ఈ దెబ్బే మామకు గట్టిగా తగిలింది.

సంగతి తెలిసి మొగిలమ్మ బత్తాయిలు తిరిగి సంచీలో వేసుకుని బస్సెక్కింది. సారయ్య రెండు రోజులు ఎవరికీ కనపడలేదు. వెంకట్రాజం మాత్రం భయంలో మానేసిన పాన్‌ను పట్టుదలతో మానేశాడు. బజారంతా చెప్పుకున్నాడు కూడా. శకుంతల అదే రోజు మెట్ల మూలకు సున్నం కొట్టించి, గోడకు బొట్టొక్కటే తక్కువగా, దాని ముందు నిలబడి చూసుకుంది.

సోమవారం భాస్కర్ గ్రాఫు తీసుకుని సారు దగ్గరికి వెళ్లాడు. సారు కళ్లజోడు పైకి తోసి అంతా విన్నాడు.

"ఇంతకీ నీ కోవా పనిచేసిందా, మీ పెద్దమ్మ బ్రెడ్డు పనిచేసిందా?"

భాస్కర్ గ్రాఫును తన వైపు తిప్పుకుని మళ్లీ చూశాడు.

"కోవా, కథ ఆపెయ్. అలవాటు మళ్లీ తిరిగొస్తే నీవల్లే తగ్గిందని నమ్ముతాను. మూడు రోజుల లెక్క తీసుకురా. తిరిగి రాకపోతే ఇది రికార్డు కాదు, కబుర్లు."

అంటే అప్పుడే సున్నం ఆరిన గోడ మీద మామ మళ్లీ ఉమ్మాలి. అదీ శనివారం లోపల.

ఆ సాయంత్రం భాస్కర్ జర్దా పాన్ ఆకులో చుట్టించుకొచ్చి మామ ముందు పెట్టాడు.

"ఉమ్మాలె మామా. మూడు దినాలే."

"బందు వెట్టిన అని బజార్ల చెప్పుకున్న. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నా ఏడాది పోతది మామా."

వెంకట్రాజం పాన్ వాసన చూశాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన కళ్లలో వెలుగు వచ్చింది.

"సరే. ఉమ్మినప్పుడల్లా మరిపెడ సంగతి మొదటి నుంచి చెప్త. వినాలె. నడుమల తర్వాత ఏమైంది అనాలె. ఈసారి మనసు వెట్టి అనాలె."

పుస్తకం ప్రకారం ఇది పచ్చి మోసం. ఆపెయ్యమన్న బహుమానాన్నే తెచ్చి తప్పు పనికి ఇవ్వడం. కానీ శనివారం తప్పించే ఉపాయం పుస్తకంలో ఎక్కడా లేదు. ఇక మిగిలింది శకుంతల. ఆమె చీపురు పట్టుకుని మెట్ల మూలకు అడ్డంగా నిలబడింది. మేనల్లుడి ముఖం చూసి చివరికి చీపురు దించింది.

"మూడు దినాలు. నాలుగో దినం నా గోడ నాకు తెల్లగ గావాలె. గా కోవా ఏందో, సదువేందో, మళ్ల చేసి బందు చేపియ్యాలె."

"చేపిస్త అత్తమ్మా."

మంగళవారం ఆరు, బుధవారం పదకొండు, గురువారం పదిహేను. గుమస్తా సారయ్య అరుగు మీదికి తిరిగొచ్చి అన్ని గీతలూ తప్పకుండా గీశాడు, ఈసారి తనవి కలపకుండా. ముప్పై రెండుసార్లు వాన కురిసింది, ముప్పై రెండుసార్లు ఎడ్లబండి మరిపెడ చేరింది. శుక్రవారం సారు గ్రాఫు చూసి, ఒక రోజు ముందే సంతకం పెట్టి, భుజం తట్టి పంపించాడు.

శనివారం పొద్దున భాస్కర్ మాట నిలబెట్టుకోవడానికి కోవా పొట్లంతో మామ దగ్గర కూర్చున్నాడు. ఉగాల్దాన్ చేరువకు జరిపాడు.

"మామా, దీంట్ల ఉమ్మి, మరిపెడ పెండ్లి సంగతి చెప్పరాదు?"

"ఊకోరా. మూడు దినాల సంది చెప్పి చెప్పి నాకే రోత పుట్టింది" అని వెంకట్రాజం మెట్ల మూలకు నడిచి, గోడ మీద తృప్తిగా ఉమ్మి, దుకాణానికి బయలుదేరాడు.

శకుంతల సున్నం బకెట్టు, కుంచె తెచ్చి భాస్కర్ ముందు పెట్టింది. అతను తర్వాతి నెల జనగామ వెళ్లేదాకా రోజూ పొద్దున గోడకు సున్నం కొట్టాడు. ఉద్యోగంలో చేరాక ఆ రికార్డుకు కాలేజీలో బహుమతి కూడా వచ్చింది.

గోడ మాత్రం ఆధార రేఖ దగ్గరే ఉంది.