ఎర్రగీత దాకా

ఆ సోమవారం పొద్దున నరసింహం చేతిలో ఉన్నవి ఇవి: మోపిదేవి రోడ్డు మీద ఇరవై అడుగుల లోతున్న ఎండుచేపల కొట్టు, లోపల పన్నెండు గంపల సరుకు, పది గంటలకల్లా దాన్ని గుడివాడ చేర్చాలన్న పథకం. సరుకు కదల్లేదు. కొట్టు పక్కగోడ మీద, ముందు నుంచి సరిగ్గా పది అడుగుల దగ్గర, నిలువునా ఎర్ర గీత కనిపించింది.

ఊరు నగర పంచాయతీ అయి రెండేళ్లయింది. ఇరవై ఏళ్లకు సరిపడా రవాణా ప్రణాళిక వేస్తున్నారని అందరికీ తెలుసు. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. గోడ మీద ఎర్ర గీత పడితే అందాకా కొట్టేస్తారన్నది మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఒక్క మాట చెప్పకుండా గీసిపోతారా? నా కొట్టు వాళ్ల అబ్బ సొమ్మనుకున్నారా!" వీధంతా వినబడేలా అరిచాడు నరసింహం.

"ఆ అరిచేదేదో ఆఫీసుకెళ్లి అరవండి," అంది భార్య కుమారి.

"వెళ్తే నిజం చెప్తారా? రేపు జేసీబీ వస్తుంది. అది కొడితే షట్టరు, రేకులు అన్నీ తుక్కే. మనమే విప్పుకుంటే దక్కుతాయి."

సాయంత్రానికి కొట్టు ముందుభాగం నేలమట్టమైంది. పక్క సైకిల్ షాపు రత్తయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి బావా, ఆఫీసు లోపల్నించి కబురేమన్నా వచ్చిందా?"

"నాకెవడు చెప్తాడు? మీవి ఉంచుకోండి, హాయిగా!" కసిరాడు నరసింహం.

లాభం లేనిదే పూచికపుల్ల కదపని మనిషి సొంత గోడ కొట్టుకున్నాడు. ఇక రత్తయ్యకు అనుమానం మిగల్లేదు. తన గోడ మీద గీత లేకపోతే నరసింహం గోడ నుంచి దారం పట్టి తనే గీసుకున్నాడు. గురువారానికి వీధికి రెండు వైపులా నలభై కొట్లు, ఎవరి గీత వాళ్లే గీసుకుని, పదేసి అడుగులు వెనక్కి జరిగాయి.

శుక్రవారం నగర పంచాయతీ ప్లానింగ్ ఆఫీసరు జనార్దనరావు వచ్చాడు. వీధిని చూసి స్కూటర్ దిగడం మరిచిపోయాడు.

"ఎవరు కొట్టమన్నారండీ?"

"గీసింది మీరు, అడిగేది మమ్మల్నా?" నరసింహం మీదిమీదికి వెళ్లాడు.

"అయ్యో, అది వాహనాలు లెక్కపెట్టే కెమెరా తగిలించడానికండీ! నీడ ఉందని మీ గోడ చూసుకున్నాం. ఈ వీధి జోలికి రాకూడదనే కదా కాలవ అవతల బైపాస్ అనుకున్నది!"

"అడగమన్నానా, లేదా?" అంది కుమారి గంపల మధ్య నుంచి.

"నువ్వుండవే! ఏవండీ, అయితే మళ్లీ కట్టేసుకుంటాం. మీ బైపాస్ మీరు వేసుకోండి."

జనార్దనరావు టేపు తెప్పించి వీధి వెడల్పు కొలిచాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇంకా బైపాస్ ఎందుకండీ? అరవై అడుగుల రోడ్డు తయారుగా ఉంటే! ప్లాను మార్చేస్తాం. కట్టుకోవడానికి ఇక పర్మిషన్ రాదు మరి."

నెల తిరిగేసరికి ప్రణాళిక ఖాయం చేసే సభ పెట్టారు. నరసింహం తిట్టడానికే వెళ్లాడు. నోరు తెరిచేలోపే, ఊరి భవిష్యత్తు కోసం ముందుకొచ్చిన తొలి వర్తకుడని మైకులో చెప్పి సన్మానం చేశారు. చప్పట్ల హోరులో ఆయన తిట్లు ఎవరికీ వినబడలేదు.

ఆఖరి లెక్కలో పది అడుగుల కొట్టు పోయి, ఒక శాలువా వచ్చింది. అదీ నైలానుది.