నిచ్చెనకు బదులు నీటి రంగులు

ఇది రెండో వరద వచ్చిన ఏడాది సంగతి. మొదటి వరద గడప తడిపి వెళ్లిపోయింది. రెండోది తిన్నగా ఇంట్లోకొచ్చి, సరిగ్గా నా ఛాతీ దగ్గర ఆగి, గోడ మీద మట్టిగీత గీసి పోయింది.

ఆ ఏడాదే నేనొక సత్యం తెలుసుకున్నాను. ముసలివాడి చేతిలోంచి పని లాక్కుని, బదులుగా ఓ నీటి రంగుల డబ్బా పెట్టడాన్ని మించిన మేలు ఈ లోకంలో లేదు!

నేను యాభై ఏళ్లు గోడలకు రంగులేసినవాణ్ని. బడికి వెళ్లింది మూడేళ్లే. మాటలు తక్కువ. గోడలతో కబుర్లేముంటాయి? వరద నీళ్లు తగ్గేసరికి వీధిలో ఏ గోడ చూసినా మట్టిగీతే. ప్రతి ఇంటివాడూ మా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇలాంటప్పుడు పెయింటరుకు కావలసిందేమిటి? నిచ్చెనా? ఛ! ఆనందం! ఆ సంగతి మా అమ్మాయి కనిపెట్టింది. నిచ్చెనను సామాన్ల గదిలో పడేసి తాళం వేసింది.

“ఇన్నాళ్లూ అందరి కోసం వేశావు నాన్నా, ఇకమీదట నీ కోసం వేసుకో. ఎనిమిది వారాల బొమ్మల క్లాసు. మనసు వికసిస్తుందట.”

“నిచ్చెనో?”

“క్లాసు అవనీ, చూద్దాం.”

‘చూద్దాం’ ఎంత గొప్ప మాటో గమనించారా? అందులో అవునూ ఉండదు, కాదూ ఉండదు. అచ్చం నీటి రంగంత పల్చన!

మొదటి రోజు టీచరమ్మ ఎలుక తోకంత బ్రష్షు చేతిలో పెట్టింది. నేను పద్ధతి తప్పను. కాగితం దులిపి, తెల్ల ట్యూబు మొత్తం పిండి, ఒక కోటు వేసి, ఆరనిచ్చి, రెండోది అందుకున్నాను.

“అయ్యో తాతగారూ! తెల్ల కాగితానికి తెల్ల రంగేంటి?”

“ప్రైమరమ్మా.”

క్లాసంతా పడీపడీ నవ్వింది. చూశారా, గంట తిరక్కుండానే ఎంత ఆనందం పంచానో!

తర్వాత అసలు జ్ఞానం మొదలైంది. నీళ్లను వాటి దారిన పోనివ్వాలట. చెమ్మ పాకితే ముచ్చటపడాలట. మరకను ‘ఎఫెక్ట్’ అనాలట! యాభై ఏళ్లుగా చెమ్మ కనబడితే చాలు, గీకి, లప్పం పెట్టి మూసేశాను. ఎన్ని ఎఫెక్టులను పొట్టన పెట్టుకున్నానో!

క్లాసు చివర ఎలా అనిపిస్తోందో ఒక్కొక్కరూ చెప్పాలి. పక్కనున్న రిటైరైన గుమాస్తా తనలోని పసివాడు నిద్రలేచాడని కళ్లొత్తుకున్నాడు. నా వంతొచ్చింది.

“తడిగా ఉంది” అన్నాను.

టీచరమ్మ దాన్ని బోర్డు మీద రాసింది!

ఈలోగా ఎవడో కొత్త పెయింటరు మా వీధి గోడలన్నీ చుట్టబెట్టేస్తున్నాడు. లప్పం లేదు, పాడూ లేదు. అయితేనేం? నేను వికసిస్తున్నాను కదా!

ఎనిమిదో వారం మా అమ్మాయి కూడా వచ్చింది. నేను మా ఇంటి గోడనే వేశాను, వరద గీతతో సహా. టీచరమ్మ దాన్ని అందరికీ ఎత్తి చూపించింది.

“ఈ గీత చూడండి! తాతగారి చెయ్యి వణుకుతుంది కదా, ఆ వణుకే దీనికి ప్రాణం.”

మా అమ్మాయి చప్పున కిటికీ వైపు తిరిగింది. నేను నా చేతివైపు చూసుకున్నాను.

‘నాన్నా, నీ చెయ్యి వణుకుతోంది, నిచ్చెనెక్కితే పడిపోతావు.’ ఇంతే కదా మాట! ఇది చెప్పడానికి ఎనిమిది వారాలు, పన్నెండు రంగులు, ఒక సర్టిఫికెట్ కావలసొచ్చాయి. మా ఇంట్లో నోరు విప్పనివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను ఇన్నాళ్లూ!

“తాళంచెవి ఇవ్వనా నాన్నా?” అంది దారిలో, నేల చూపులు చూస్తూ.

“నీ దగ్గరే ఉంచు.”

మర్నాడు పొద్దున్నే నా పాత వెడల్పు బ్రష్షు దులిపి, మా గోడ ముందు నేల మీద నిలబడ్డాను. వరద వచ్చింది నా ఛాతీ దాకానేగా, నిచ్చెనెందుకు? మట్టిగీత గీకాను. మా అమ్మాయి వచ్చి డబ్బా పట్టుకుంది.

ప్రైమరు కొట్టాను. ఎవరూ నవ్వలేదు.