దయచేసి అనుమతించండి

బుడమేరు వాగు పొంగి చెరువు గట్లు తెగిన మరుసటి ఏడు. ఆ వరదకు ఆదినారాయణ చేపలన్నీ పక్క ఊళ్ళ పొలాల్లోకి వెళ్ళిపోయాయి. ఈసారి కూడా చెరువు చేతికి రాకపోతే దాన్ని ఎవరికో కౌలుకిచ్చి అరుగు మీద కూర్చోవడమే. ముదినేపల్లి పక్క ఊళ్ళో ఆ ముసలాయనకు అంతకు మించి దారి లేదు.

మంగళవారం ఉదయం ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, చేపల పట్టుబడికి మంచిరోజు చూసుకోవడం. పంతులుగారు ఊళ్ళో లేరు. భార్య తాతమ్మ చెప్పిందని ఫోన్‌లో పంచాంగం యాప్ ఒకటి దింపాడు.

'మీ ఫోన్‌లోని నంబర్లు చూడవచ్చా? దయచేసి అనుమతించండి' అంది యాప్. అనుమతించాడు. మీరున్న చోటు? అనుమతించాడు. మైకు?

"మంచిరోజు చెప్పడానికి మైకెందుకంట?" అంది తాతమ్మ.

"అండీ అని అడుగుతుంటే కాదంటే ఏం బావుంటుందే?"

దయచేసి అన్నవాణ్ణి వాకిట్లో నిలబెట్టడం వాళ్ళ ఇంటా వంటా లేదు. ఏం పని తలపెట్టారని అడిగితే, "చేపల పట్టుబడి" అని మైకులో చెప్పాడు. గురువారం ఉదయం ఆరూ పన్నెండు, అంది యాప్.

పట్టుబడి రోజు ఆ వైపు ఎవరూ ముందు చెప్పరు. అందరూ ఒకేసారి వల దింపితే ఐసు దొరకదు, లారీ దొరకదు, ధర నిలవదు. అందులో ఆదినారాయణ అయితే వాన పడుతుందా అని అడిగినా ఆకాశం చూపించి ఊరుకునే మనిషి.

టీ గ్లాసు కింద పెట్టేలోపు పక్క చెరువు విల్సన్ బండి మీద వచ్చేశాడు.

"గురువారమా బాబాయ్?"

"ఏంటి గురువారం?"

"మెసేజ్ పెట్టావుగా!"

ఫోన్ చూపించాడు. 'ఆదినారాయణ గారి చేపల పట్టుబడి గురువారం ఉదయం 6.12. ఈ శుభవార్తను ఆప్తులతో పంచుకుంటున్నారు.' కింద మ్యాప్‌లో చెరువుకు దారి. ఫోన్‌లో ఉన్న నాలుగు వందల మందికీ అదే వెళ్ళింది. గ్యాస్ బండ వేసే అబ్బాయికీ, మొవ్వలో ఉన్న వియ్యంకుడికీ కూడా.

"నేను పెట్టలేదురా. యాప్ పెట్టింది."

"సర్లే. ధర పడిపోతోందా?"

"నాకేం తెలుసు?"

"అర్థమైంది బాబాయ్. మాకు ముహూర్తాలు లేవు గానీ, నీకున్నాయిగా. చాలు."

నోరు విప్పని మనిషి నాలుగు వందల మందికి చెప్పాడంటే ఏదో ఉంది. మధ్యాహ్నానికి ఆ మాట అన్ని గట్ల మీదా తిరిగింది. ఆయన లేదన్నకొద్దీ జనానికి నమ్మకం గట్టిపడింది. సాయంత్రం చేపలకు బీమా చేస్తామని ఎవరో ఫోన్ చేశారు. ఒక బొచ్చె చేప అట్టే పెట్టమని వియ్యంకుడు చేశాడు.

బుధవారం విల్సన్ కూతురు దీవెన వచ్చింది. గుడివాడ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది.

"ఇది మీరు చూడ్డానికి చేసింది కాదు తాతయ్యా, మిమ్మల్ని చూడ్డానికి చేసింది" అని ఆ యాప్ తీసేసి ఇంకో పంచాంగం యాప్ పెట్టింది. "ఇది చేసినవాళ్ళు లోపల ఏముందో దాచుకోలేదు. తెలిసినవాళ్ళెవరైనా విప్పి చూడొచ్చు. నెట్టు కూడా అక్కర్లేదు."

ఆదినారాయణ దాన్ని అటూ ఇటూ నొక్కి చూశాడు. "ఏమీ అడగదేం?"

"అడగదు."

"నా పేరైనా?"

"మీ పేరు దానికెందుకు?"

పలకరింపు లేకుండా పని చేసిపెట్టేది ఆయనకు నచ్చింది. తనలాంటిదే.

"మరి ఆ వెళ్ళిపోయిన నంబర్లు, మెసేజ్‌లు?"

"గట్టు తెగాక నీళ్ళు పట్టుకోగలమా తాతయ్యా?"

గురువారం ఆరూ పన్నెండుకు చుట్టుపక్కల చెరువులన్నిట్లో వలలు దిగాయి. ఆదినారాయణకు వల జట్టు దొరకలేదు. ఐసు లేదు, లారీ లేదు. తువ్వాలు నెత్తిన వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"ముహూర్తం మనది, పట్టుబడి ఊరిది" అంది తాతమ్మ.

మధ్యాహ్నానికి ధర పడిపోయింది. శుక్రవారం మబ్బు పట్టి చేపలు గాలి చాలక పైకి తేలాయి. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటరు ఉన్న ఒక్కటీ తిప్పుతూ ఆయన పొద్దంతా అక్కడే ఉన్నాడు. ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే చెరువు కౌలుకే.

శనివారం కొనేవాళ్ళు తమ ఐసు, తమ వలలు వేసుకుని వచ్చారు. ఆ చుట్టుపక్కల చేప మిగిలింది ఆయన చెరువులోనే. ఒక ధర చెప్పారు. ఆయన మాట్లాడే ఓపిక లేక నీళ్ళకేసి చూశాడు. పెంచారు. ఆవలించాడు. మళ్ళీ పెంచారు.

చీకటి పడేలోపు చెరువు ఖాళీ అయింది. విల్సన్ గట్టు మీదకొచ్చి నిలబడ్డాడు.

"మమ్మల్ని ముందు దింపి నువ్వు వెనక దిగావు. యాప్ అంట, యాప్!"

ఆదినారాయణకు ఆ మాట గుచ్చుకుంది. రాత్రి అన్నం సగమే తిన్నాడు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే, విల్సన్ కూతుర్ని ఎక్కించుకుని చర్చికి బయల్దేరుతుంటే, ఆదినారాయణ వాళ్ళ గేటు దగ్గర నిలబడి, ఎవరూ అడక్కుండానే జీవితంలో మొదటిసారి నోరు విప్పాడు.

"విల్సనూ, కొత్త యాప్‌లో చూశాను. వచ్చే నెల పదో తారీఖున చేపపిల్ల వదులుతున్నా. నువ్వూ వదలరా."

విల్సన్ ఆయన్ని ఎగాదిగా చూసి బండి స్టార్ట్ చేశాడు.

"రాసుకో దీవెనా. పదో తారీఖున మాత్రం మనం పిల్ల వదలొద్దు."