ముప్ఫై రెండు గళ్లు

పళ్ల డాక్టరమ్మ కొత్త ఆసుపత్రిలో ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి తలుపులు తీయడం, తన భర్త ఆరు నెలలు కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్‌తో టోకెన్లు ఇవ్వడం, అంతే. ఎదురుగానే పాత ఆసుపత్రి ఒకటుంది. ఈ రోజు వచ్చినవాళ్లు విసుక్కుని రోడ్డు దాటితే మళ్లీ ఇటు తొంగి చూడరని ఆవిడ బెంగ.

భర్తగారికి ఏ బెంగా లేదు. పన్నుకొక గడి చొప్పున తెర మీద ముప్ఫై రెండు గళ్లు గీశాడు. అన్నీ నింపితే గానీ టోకెన్ రాదు. పేరూ బాధా రాసుకుంటే చాలదా అని భార్య అడిగినప్పుడు, పాపం ఈవిడకు ముందుచూపు లేదని జాలిపడ్డాడు కూడా. ఇలాంటి జాలికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

టోకెన్ల బల్ల దగ్గర డాక్టరమ్మ తల్లి కూర్చున్నారు. మొదట వచ్చిన పెద్దాయన చేత నోరు తెరిపించి, చూసి, అల్లుణ్ణి పిలిచారు.

"బాబూ, ఈయనకు మూడే పళ్లున్నాయి. మిగతా గళ్లలో ఏం పెట్టను?"

"ఏదో ఒకటి ఎంచుకోండి అత్తయ్యా. బాగుంది, పుచ్చింది, కదులుతోంది."

"లేని పన్ను ఎలా కదులుతుంది?"

అల్లుడికి ఆ సంగతి ఆరు నెలల్లో ఒక్కసారీ తట్టలేదు. "అసలు నేనొచ్చింది..." అని పెద్దాయన ఏదో చెప్పబోతే, "ఒక్క నిమిషం, నోరు అలాగే ఉంచండి" అని, హడావిడిగా 'లేదు' అనే మాట ఒకటి చేర్చాడు. అత్తగారు ఇరవై తొమ్మిదిసార్లు 'లేదు' నొక్కారు. లెక్కలో తగ్గిన పన్ను పీకిన పన్నేనని సాఫ్ట్‌వేర్‌కు అల్లుడే ఎప్పుడో నేర్పి ఉన్నాడు. అది బుద్ధిగా పెద్దాయన ఇచ్చిన భార్య ఫోన్ నంబరుకు సందేశం పంపింది: 'ఈ రోజు మీకు ఇరవై తొమ్మిది పళ్లు తీశాం. గట్టివి తినకండి.'

పావుగంటలో పెద్దాయన భార్య వచ్చి పడింది. ఒక చెంప బాగా వాచి ఉంది గానీ గొంతు ఖంగుమంటోంది.

"గడప దాటి గంట కాలేదు, మనిషిని ఇలా చేస్తారా? నోట్లో ఉన్న మూడూ చాలక ఇరవై తొమ్మిది పీకుతుంటే మీకు చెయ్యయినా నొప్పి పుట్టలేదా?"

వరసలో ఉన్నవాళ్లందరూ చెంపలు పట్టుకుని లేచారు. ఇద్దరు తలుపు దాకా వెళ్లిపోయారు. డాక్టరమ్మ గదిలోంచి వచ్చి భర్త వంక చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన కూర్చుని గళ్లన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. ఆరు నెలల పని పది నిమిషాల్లో పోయింది. చివరికి పేరుకొక గడి, దాని కింద ఏమైనా రాసుకునేంత ఖాళీ మిగిలాయి.

"ఇప్పుడు చెప్పండి, మీ బాధేమిటి?" అని అత్తగారు పెద్దాయనను అడిగారు.

"నాకేం బాధమ్మా. నా మూడూ గట్టిగానే ఉన్నాయి. మా ఆవిడకు దవడ వాచిందని టోకెన్ కోసం వచ్చాను. పొద్దున్నుంచీ నోరు తెరవమన్నారే గానీ మాట్లాడమన్నవాళ్లు లేరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపు దాకా వెళ్లినవాళ్లు వెనక్కొచ్చి కూర్చున్నారు. అత్తగారు ఆ ఖాళీలో 'ఆయనకు కాదు, ఆవిడకు' అని కొట్టారు. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా టోకెన్ ఇచ్చింది. తరవాత వచ్చిన పాలపళ్ల పిల్లకూ, కట్టుడుపళ్ల టీచరుకూ కూడా ఇచ్చింది. మధ్యాహ్నానికి డాక్టరమ్మ ముఖంలో నవ్వొచ్చింది.

ఆరు నెలలు ఆయన రాసినదాంట్లో అందరికీ పనికొచ్చింది ఆ ఖాళీ ఒక్కటే.