పెట్టె పడకముందే ఎగిరిన నేల

మధ్యాహ్నంలోగా గోదాం నేల లెక్క తేల్చేసి, సాయంత్రం అత్తాపూర్ వెళ్లి యేసురత్నం గారికి శుభవార్త చెప్పాలని ప్రేమ్ రాజ్ పొద్దున్నే అనుకున్నాడు. ఉద్యోగం ఖాయమయ్యాకే తన కూతురు క్యాథరిన్‌తో పెళ్లి మాట ఎత్తమని ఆయన తెగేసి చెప్పాడు. శంషాబాద్‌లోని ఆ చిన్న డిజైన్ ఆఫీసు యజమాని శేఖరేమో, ఈ పని సవ్యంగా జరిగితేనే ఖాయం చేస్తానన్నాడు.

కొత్త విమానాశ్రయం పక్కన పెంటయ్య కట్టిస్తున్న సరుకుల గోదాంలో కంకర, ఇసుక, రబ్బరు, కాంక్రీటు పొరలుగా నేల వేస్తారు. దాని మీద బరువైన పెట్టె జారిపడితే ఏమవుతుందో కంప్యూటర్‌లో చూడాలి. ముందు పొరల సొంత బరువును మెల్లగా ఎక్కించి, అవి కుదురుకున్నాక పెట్టెను వదలాలి. పెళ్లి తొందరలో ఉన్నవాడికి నేల కుదురుకునేదాకా ఆగే ఓపిక ఎక్కడిది? బరువునూ పెట్టెనూ ఒకేసారి వదిలేశాడు.

బరువు ఒక్కసారిగా మీద పడేసరికి తెర మీద నేల కుంగి, ఎగిరింది. పెట్టె ఇంకా గాలిలోనే ఉంది.

"ఏమిటయ్యా ఇది? ఇంకో పొర వెయ్యి," అన్నాడు శేఖర్.

వేస్తే మరింత ఎగిరింది. ఇంకోటి వేయించాడు. నేల ఇంకా హుషారుగా గంతులేసింది. తప్పెక్కడుందో ప్రేమ్ రాజ్‌కు అప్పటికే తెలిసిపోయింది. చెబితే ఉద్యోగం పోతుందని ఊరుకున్నాడు.

అంతలో పెంటయ్య వచ్చి తెర చూశాడు. "ఏంది సార్ గిది? పెట్టె వడకముందే నేల ఎగురుతున్నది?"

తెలియదు అనే మాట శేఖర్ నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. "విమానాల అదురండీ," అన్నాడు గంభీరంగా.

పెంటయ్య ఫోను తీశాడు. "మేస్త్రీ, పని ఆపుండ్రి! చంద్రమ్మక్కా, జర సామాన్లు సదురుకొని బయటికి రా. మన భూమి ఎగురుతదంట!"

గోదాం పక్కనే ఉండే ఆ అక్క వీధినంతా పిలుచుకుని మంచాలు, కోళ్లు, టీవీలతో రోడ్డెక్కింది. ఎయిర్‌పోర్టు క్యాబులన్నీ మంచాల వెనక ఆగిపోయాయి. ఆ జాగా అమ్మి పారేస్తానని పెంటయ్య కూర్చున్నాడు.

ముసలివాళ్లు ఎండలో కూర్చున్నారని వినేసరికి ప్రేమ్ రాజ్‌కు సిగ్గేసింది. శేఖర్‌ను పక్కకు లాగాడు. "తప్పు నాదే సార్. సొంత బరువు మెల్లగ ఎక్కియ్యలే. నేలకేం కాలే. ఇగ నన్ను తీసేసినా సరే."

శేఖర్ మొహం ఎర్రబడింది. తిట్టబోయి, పెంటయ్య వైపు చూసి ఆగాడు. "నిన్ను తీసేస్తే, ఎందుకు తీసేశావని ఆయన అడగడూ? అప్పుడు నా పరువేం కావాలి? నోరు మూసుకుని సరిగ్గా చెయ్యి."

ఈసారి అదనపు పొరలు తీసేసి, బరువు మెల్లగా ఎక్కించాడు. నేల కిక్కురుమనలేదు. పెట్టె పడింది, చిన్న గుంట పడింది, అంతే.

"అదురును అణిచేశామండీ. అంతా మా కుర్రాడి పనితనం," అన్నాడు శేఖర్.

పెంటయ్య ప్రేమ్ రాజ్ చేతులు పట్టుకున్నాడు. "తమ్మీ, మా ఊరిని నిలబెట్టినవ్! ఇగ నా గోదాంలన్నీ నువ్వే చూడాలె."

ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. మర్నాడు శేఖర్ అచ్చు వేయించిన విజిటింగ్ కార్డుల్లో ప్రేమ్ రాజ్ పేరు కింద 'విమాన కంపన నివారణ నిపుణుడు' అని ఉంది.