ఉపమంత్రిగారి కుడి మోకాలు

“ఇకమీదట తాండూరులో ఏ మోకాలూ సర్కారుకు తెలియకుండా వాయజాలదు!”

1958లో బండల కూలీల దవాఖానలో ఎక్స్‌రే యంత్రానికి ప్రారంభోత్సవం చేస్తూ ఉపమంత్రి మొగులప్పగారు అన్న మాట ఇది. నేను చప్పట్లు కొట్టాను. పత్రికకు వార్తలు రాసేవాణ్ణి కనుక అందరికంటే ముందు కొట్టడం నా బాధ్యత. నిజానికి యంత్రం మూడు నెలలుగా పనిచేస్తూనే ఉంది. కాని రిబ్బను కత్తిరించనిదే పనిచేసినట్టు కాదు కదా.

పక్కన డాక్టరు ఏసుదాసుగారు దిగులుగా నిలబడ్డారు. ఆయన దగ్గర ఒక్క ఫిల్మే మిగిలింది. దాన్ని గనిలో బండలు మోసే శాంతవ్వ కోసం దాచారు. మూడు నెలల కింద ఆమె వాచిన మోకాలికి ఒక ఫిల్ము తీసి, సూదిమందు మొదలుపెట్టారు. ఇప్పుడు రెండోది తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగాని లోపల జబ్బు ఎముకను ఇంకా తింటున్నదో, తగ్గిందో తెలియదు. మందు సాగించాలో ఆపాలో తేలేది అప్పుడే.

“అప్పుడు ఎలుక కొరికిన రొట్టె లెక్క ఉండె గద సారు,” అంది శాంతవ్వ. “ఇప్పుడెట్లున్నదో జర చూసి చెప్పుండ్రి.”

“ముందు మంత్రిగారిది!” అన్నాడు పార్టీ కార్యకర్త బాల్‌రాజ్.

మొగులప్పగారి కుడి మోకాలు సామాన్యమైనది కాదు. నిజాం మీద పోరాటంలో కొడంగల్ దగ్గర లాఠీ దెబ్బకు అది విరిగిందని రెండు ఎన్నికలుగా జనానికి తెలుసు. వెండి పొన్ను కర్ర లేనిదే ఆయన అడుగు వేయరు. అలాంటి మోకాలు ఎదురుగా ఉండగా కూలిమనిషి మోకాలికి ఫిల్ము వాడటం నాకూ న్యాయంగా తోచలేదు. ఉన్న ఒక్క ఫిల్మూ ఆయనకే తీశారు.

తడి ఆరకముందే బాల్‌రాజ్ దాన్ని కిటికీ వెలుగులో చూసి పరేషాన్ అయ్యాడు.

“డాక్టర్ సాబ్, గిదేంది, గింత నున్నగున్నది?”

“ఏ జబ్బు లేదు. ఇరవై ఏండ్ల పోరని మోకాలు లెక్క ఉన్నది.”

“మరి లాఠీ దెబ్బ?”

“యాడా లేదు.”

“గట్లెట్ల? జనం చూస్తే ఏమనుకుంటరు?”

అంతలో బల్ల మీద శాంతవ్వ పాత ఫిల్ము కనిపించింది. బాల్‌రాజ్ కళ్లు చెమర్చాయి. “త్యాగమంటే గిది!” అని దాన్ని కండువాలో చుట్టాడు. దాని మీది పేరు చీటీ పీకి మంత్రిగారి ఫిల్ముకు అతికించి, శాంతవ్వ ఫైలులో పెట్టాడు. అడ్డం పోబోయిన డాక్టరుగారికి ఇద్దరు కార్యకర్తలు పూలదండ వేసి, చెరో చెయ్యీ గట్టిగా పట్టుకుని సన్మానించారు.

ఆ ఫైలు పై ఆఫీసుకు పోయి, నెల తిరక్కుండా అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. శాంతవ్వకు సంపూర్ణంగా నయమైనది, సూదిమందు ఆపవలెను.

ఆ ఫిల్ము ఆమెది కాదని డాక్టరుగారు రాశారు. పేరు స్పష్టముగా ఉన్నదని జవాబు వచ్చింది. మోకాలు వాచే ఉందని మళ్లీ రాశారు. ఫిల్ములో వాపు లేదు, ఫిల్ముకు అనుగుణంగా నడుచుకోవలసిందిగా రోగికి చెప్పవలెను అని మళ్లీ జవాబు.

శాంతవ్వ కుంటుకుంటూ రైలెక్కి వికారాబాదు పార్టీ ఆఫీసుకు పోయింది. వార్త దొరుకుతుందని నేనూ వెంట వెళ్లాను. గోడకు ఫిల్ము, దాని వెనక బల్బు, కింద ‘దేశం కోసం అరిగిన మోకాలు’ అని బోర్డు. పరిగి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ దానికి కొబ్బరికాయ కొడుతోంది. మంత్రిగారు పక్కనే కూర్చుని వినయంగా దండాలు అందుకుంటున్నారు.

శాంతవ్వ దగ్గరికి పోయి చూసింది.

“గిది నాదే. గిదిగో, ఎలుక కొరికినట్టున్నది.” మంత్రిగారి వైపు తిరిగింది. “అయ్యా, నా మోకాలును గోడకు తగిలేసిండ్రు, మంచిదే. మరి నొప్పి గూడ గోడకే ఉండాలె గద? నా ఎంబడి ఎందుకొస్తున్నది? సూది ఇప్పియ్యుండ్రి, కాలు పోతది.”

మంత్రిగారు కరిగిపోయారు. లేచి తన వెండి పొన్ను కర్రను రెండు చేతులా ఆమెకు అందించారు.

“తల్లీ, ఇయ్యాల్టి నుంచి గిది నీది!”

జయజయధ్వానాలు మిన్నంటాయి. శాంతవ్వ మళ్లీ సూది అంది గాని ఎవరికీ వినపడలేదు. సర్కారు ఫోటోగ్రాఫరు ఆ దృశ్యాన్ని పన్నెండు ఫోటోలు తీశాడు. ఆ రోజు ఫిల్ముకు కొరత రాలేదు.

కుల్కచర్ల సభకు ఆలస్యమవుతోందని బాల్‌రాజ్ గుర్తుచేశాడు. మొగులప్పగారు రెండేసి మెట్లు దాటుకుంటూ దిగి, ఎగిరి జీపెక్కారు. చప్పట్లు కొట్టడం ఆ ఒక్కసారి నేను మరిచిపోయాను.