అన్నదానానికి ఆకలి కావలెను

ఒక పెద్ద అడవిలో దేవుడికి లోటు లేదు, ప్రసాదానికి లోటు లేదు, ఆకలికే లోటొచ్చి పడింది.

మిగతా జంతువులన్నీ ఇందుకు సంతోషంగానే ఉన్నాయి. ఎలుగుబంటి ఏకాంబరానికి మాత్రం దిగులు పట్టుకుంది. ఆయన కొండమీది నరసింహస్వామి గుడికి ధర్మకర్తల మండలి అధ్యక్షుడు.

ఆ స్వామి అంటే అడవికి ప్రాణం. తల మనదేనని జంతువులకి గర్వం. మిగతా ఒంటి గురించి ఎవరూ మాట్లాడరు.

గుడి చరిత్ర చిన్నదే. వెనకటికి పెద్ద కరువొచ్చి వాగు ఎండిపోయినప్పుడు, ఒక ముసలి ఏనుగు గుహలో వెలిసిన స్వామి ముందు పొయ్యి రాజేసింది. దొరికిన దుంపలూ గింజలూ వేసి అంబలి కాచి, వచ్చినవాళ్ళందరికీ పోసింది. నువ్వెవరని ఎవర్నీ అడగలేదు. పులి పక్కనే దుప్పి కూచుని తాగింది. కరువు పోయింది, ఏనుగూ పోయింది, పొయ్యి మాత్రం ఆరలేదు. తర్వాత గుడికి గోపురం వచ్చింది. గోపురం తర్వాత మండలి వచ్చింది.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. మేడి, వెలగ, నేరేడు చెట్లు కాయల బరువుకి వంగిపోయాయి. భక్తులు తమకి దొరికినవాటిలో నాలుగు పళ్ళు తెచ్చి స్వామికిచ్చి, దండం పెట్టుకుని, త్రేన్చుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఆ పళ్ళతోనే వంటశాల నడుస్తుంది. కానీ పంక్తిలో కూచునేవాడు లేడు. వండేది అడవిపంది వీరమ్మ, తినేదీ వీరమ్మే.

అలాంటప్పుడు గుడి కార్యనిర్వహణాధికారి ముంగిస ముకుందం పరిగెత్తుకొచ్చింది.

"అయ్యగారూ, వచ్చే స్వాతి నక్షత్రం నాడు మృగరాజు గారు గుడికొస్తున్నారు. ఆకలిగొన్నవాళ్ళకి తమ చేత్తో వడ్డిస్తారట. మీకేదో బిరుదు కూడా ఇస్తారని వినికిడి."

స్వామి పుట్టిన నక్షత్రమని స్వాతి రోజున మృగరాజు మాంసం ముట్టడు. అందుకే ఆ రోజు గుడికి జనం ధైర్యంగా వస్తారు. కానీ రావడం వేరు, ఆకలితో రావడం వేరు.

"పిలిచి చూశావా?" అన్నాడు ఏకాంబరం.

"చూశానండి. కుందేలు కడుపులో చోటు లేదంది. దుప్పి మాత్రం, మీకంత ఇబ్బందిగా ఉంటే వచ్చి ఓ ముద్ద తింటానంది."

"దయాగుణం బొత్తిగా తగ్గిపోయింది," అని నిట్టూర్చాడు ఏకాంబరం.

ముంగిస గొంతు తగ్గించింది. "ఆకలి దానంతటది రానప్పుడు మనమే రప్పించుకోవాలి. కొండ చుట్టూ ఉన్న చెట్లన్నీ స్వామివారి మాన్యమని ప్రకటించి ముళ్ళకంచె వేద్దాం. ఆస్తుల పరిరక్షణ అంటే కాదనేవాడుండడు."

గుమ్మంలో నిలబడ్డ వీరమ్మ అంతా వింది. "అంటే, వాళ్ళ నోటికాడిది లాక్కుని మళ్ళీ వాళ్ళకే వడ్డిస్తామా?"

"నువ్వు వంట సంగతి చూసుకోమ్మా," అంది ముంగిస.

ఏకాంబరానికి కాస్త ఇబ్బందిగానే అనిపించింది. అంతలో బిరుదు గుర్తొచ్చింది. "ఉత్సవం కాగానే తీసేద్దాంలే. ఎంతైనా స్వామి పేరు మీదే కదా," అన్నాడు.

కంచె లేచింది. స్వాతి నక్షత్రం వచ్చేసరికి పంక్తి గుడి దాటి, కొండ దిగి, వాగు దాకా సాగింది.

"చూశారా, భక్తి ఎలా పెరిగిందో!" అంది ముంగిస.

వరసలో నిలబడ్డ కుందేలు ఏకాంబరాన్ని చూసి అడిగింది. "అయ్యా, మొన్నటిదాకా మేడిపండు చెట్టు కిందే తినేదాన్ని. ఇప్పుడు అదే పండు విస్తట్లో పెట్టి నా చేత దండం పెట్టించుకుంటున్నారు. పండులో ఏమన్నా మార్పొచ్చిందా?"

"పవిత్రమైంది," అన్నాడు ఏకాంబరం. అని, ఎందుకో దాని మొహంలోకి చూడలేకపోయాడు.

మృగరాజు వడ్డించాడు. వడ్డిస్తుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

"నా రాజ్యంలో ఇంత ఆకలి ఉందని నాకు తెలీనే తెలీదు!"

"అంతా ప్రభువుల దయ," అంది ముంగిస.

ఏకాంబరానికి 'ధర్మమార్తాండ' బిరుదిచ్చి, మెళ్ళో దండ వేశాడు మృగరాజు. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "ఇంత గొప్ప సేవ ఒక్కరోజుతో ఆగిపోకూడదు. ఏడాది పొడుగునా జరగాలి. స్వామివారి చెట్లకి ఇకనుంచి నా తోడేళ్ళు కాపలా ఉంటాయి. ఎవరైనా సరే, లోపలికి అడుగుపెడితే ఊరుకునేది లేదు."

చప్పట్లు మోగాయి. ఏకాంబరం కూడా కొట్టాడు. ఆయన తేనెచెట్టు కంచె లోపలే ఉందన్న సంగతి ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది.

తెల్లవారి వెళ్తే తోడేలు ఆపేసింది.

"నేను అధ్యక్షుణ్ణి!"

"'ఎవరైనా సరే' అన్నారండి ప్రభువు. తమరు అందులోకి వస్తారు."

వాగులో చేపలు పట్టుకుందామంటే మిగతావాళ్ళంతా అప్పటికే అక్కడే ఉన్నారు. పళ్ళు దొరకని భక్తులు గుడికి ఏమీ తేలేకపోయారు. వీరమ్మ అంబలి పలచబడి, పలచబడి, చివరికి గిన్నె అడుగు కనిపించేదాకా వచ్చింది. కంచె లోపల పళ్ళు రాలి కుళ్ళిపోతున్నాయి. ఆ వాసన గాలిమీద వచ్చి పంక్తిలో అందరికీ తగులుతోంది.

ఒకరోజు ఏకాంబరం ఇక ఓర్చుకోలేక బిరుదు దండ తీసి ఇంట్లో పెట్టి, వచ్చి వరస చివర నిలబడ్డాడు. ఆయన ముందు కుందేలు. దాని దొప్పలో పోసేసరికి కుండ ఖాళీ అయింది. వీరమ్మ ఖాళీ గరిటె పట్టుకుని ఆయన వైపు చూసింది.

కుందేలు తన దొప్ప ఇద్దరి మధ్యకీ జరిపింది.

"కూచో పెద్దయ్యా. ఇది ఇద్దరికీ సరిపోదు గానీ, ఇద్దరం తిన్నామనిపించుకోవచ్చు."

ఆయన కూచున్నాడు. రెండు గుక్కలు తాగాడు. మిగతాది కుందేలు వైపు జరిపాడు. లేచి ఎవరితోనూ చెప్పకుండా కొండ దిగి, ముళ్ళకంచెని రెండు పంజాలతో పట్టుకుని పీకడం మొదలుపెట్టాడు. తోడేళ్ళు అడ్డమొచ్చాయి. అయితే ఆకలిమీదున్న ఎలుగుబంటికి అడ్డం నిలబడడం తమ ఉద్యోగ ధర్మంలో లేదని అవి తొందరగానే గ్రహించాయి. పొద్దువాలేసరికి కంచె నేలమీదుంది, అడవి చెట్లకింద ఉంది.

రాజాజ్ఞ మర్నాడే వచ్చింది. దేవుడి ఆస్తి ధ్వంసం చేసినందుకు ఏకాంబరం పదవీ బిరుదూ రద్దు. కొత్త అధ్యక్షుడు ముకుందం. కంచె మళ్ళీ వేద్దామా అని ఎవరో అడిగితే, అడవి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. "కరువు నివారణే మా మండలి మొదటి విజయం," అని ముంగిస వెంటనే ప్రకటించింది.

తేనెచెట్టు కింద ఏకాంబరం పంజాలు చాపి కూచుంటే కుందేలు ముళ్ళు తీసిపెట్టింది.

నీతి: ప్రజాసేవలో ఉన్నవాడు ముందు తన కడుపు నిండా తినాలి, లేకపోతే నిజంగానే సేవ చేసేసే ప్రమాదం ఉంది.